అప్‌డేట్: ఎర్రర్ మెసేజ్‌ని ఎవరు ఫ్రీ చెయ్యాలన్న (దాని మెమరీ ఎవరు వదిలెయ్యాలన్న) గొడవ తీరింది

మొన్న అడిగింది నేనే అన్నా, కొత్తపట్నం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువులో ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కొట్టే మెషీన్లు) ఆగితే లాగ్ రాసే సీ ప్రోగ్రామ్ రెండ్రోజులకోసారి క్రాష్ అవతా ఉందని. తప్పు నాదే. ఒక దారిలో స్ట్రెర్రర్ (ఎర్రర్ నంబర్ని మాటల్లో చెప్పే సీ ఫంక్షన్) ఇచ్చిన మెసేజ్‌ని మాలాక్ చేసి, అంటే కొత్తగా మెమరీ తీసుకుని, కాపీ కొట్టి ఇస్తన్నా, ఇంకో దారిలో అదిచ్చిన పాయింటర్నే (మెసేజ్ ఉన్న మెమరీ అడ్రస్‌నే) నేరుగా రిటర్న్ చేస్తన్నా, నా ఫంక్షన్ని పిలిచినోడేమో రెండిటినీ ఫ్రీ చేస్తన్నాడు, ఆ రెండోది మనది కాదుగా, లైబ్రరీది, ఇంకెట్టా బతుకుద్ది!

ఇప్పుడు ఫంక్షన్ ఉత్త ఎర్రర్ నంబరే ఇస్తది. మెసేజ్ కావాల్సినోడు తన బఫర్ (మెసేజ్ పట్టే ఖాళీ మెమరీ) తనే తెచ్చుకుని, దాన్ని తీసుకునే రకం స్ట్రెర్రర్ అయిన స్ట్రెర్రర్_ఆర్ పిలుచుకోవాల, మాలాక్ లేదు ఫ్రీ లేదు. దీంట్లోనూ ఒక తిరకాసుంది, గంటసేపు నా బుర్ర తినేసింది: దీనికి రెండు రకాలున్నాయి, గ్నూ సీ లైబ్రరీ సొంత వెర్షన్ మెసేజ్‌కి పాయింటర్ ఇస్తది, మన బఫర్ని అసలు ముట్టుకోకపోవచ్చు కూడా, పోసిక్స్ వెర్షనైతే (ప్రమాణం చెప్పినట్టు ఉండేది) బఫర్ నింపి, పనయిందో లేదో చెప్పే నంబర్ ఇస్తది. నేనేమో ఖాళీ బఫర్ ప్రింట్ చేసుకుంటా కూర్చున్నా. ఇంకోటి, ఎర్ర్‌నోని (చివరి ఎర్రర్ నంబర్ ఉండే చోటు) ముందే పక్కన దాచుకోండి, మధ్యలో ఎఫ్‌క్లోజ్ (ఫైల్ మూసే ఫంక్షన్) లాంటిది పిలిస్తే మారిపోవచ్చు.

వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే టూల్) ఇప్పుడు నోరెత్తట్లా. బాబాయి మాత్రం 'ఏరేటర్ తిరగతానే ఉంది కదరా, మరి నువ్వేం బాగుచేశావ్' అంటాడు.