అప్‌డేట్: పలాస జీడిపప్పు సిలాజిజం తేలింది

అడిగిన సిలాజిజం (ఇచ్చిన రెండు వాక్యాల నుంచి ముగింపు తప్పక వస్తుందా అని చూసే తర్కం) ఇదీ: పలాస సరుకంతా జీడిపప్పే; జీడిపప్పులో కొంత బద్ద; కాబట్టి పలాస సరుకులో కొంత బద్ద. నిలుస్తుందా? నిలవదు.

జీడిపప్పు పెద్ద వృత్తం, పలాస దాని లోపలి చిన్న వృత్తం. బద్ద వృత్తాన్ని చిన్నదానికి తగలకుండా, పెద్దదాన్ని మాత్రమే కోసేలా గీయొచ్చు. అలా ఒక్క బొమ్మ కుదిరినా ముగింపు కొట్టేయాల్సిందే. పలాస బజార్లో బద్ద దొరుకుతుందిగా అంటారేమో, అసలు ఉచ్చు అదే: బయటి నిజాన్ని లెక్కలోకి తేకూడదు. రెండు వాక్యాల్నీ కలిపే మాట, అంటే మధ్యపదం ‘జీడిపప్పు’, ఏ వాక్యంలోనూ పూర్తిగా పరచుకోలేదు (జీడిపప్పు అంతటి గురించి ఏ వాక్యమూ చెప్పలేదు), లోపం అక్కడుంది.

‘కొంత పలాస సరుకు జీడిపప్పు, జీడిపప్పంతా బద్ద’ అని తిప్పితే అదే ముగింపు నిలుస్తుంది.

మొదటి ప్రశ్నకే రెండో ముగింపుగా ‘పలాస సరుకులో ఏదీ బద్ద కాదు’ కూడా ఇస్తే, జవాబు ‘రెండింట్లో ఏదో ఒకటి’. రెండూ కలిసి నిజం కాలేవు, కలిసి అబద్ధమూ కాలేవు.