ఎండలో మొరాయిస్తున్న 1965 ఎంజీబీ

ప్రశ్న (విజయవాడ): ఇంట్లోనే బాగుచేసుకుంటున్న మా పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఉదయం చక్కగానే స్టార్ట్ అవుతుంది కానీ, మధ్యాహ్నం బెంజి సర్కిల్ దాకా వెళ్లి పది నిమిషాలు ఆపితే మళ్లీ అందుకోవడం లేదు. కార్బొరేటర్లు మార్చాలంటారా?

జవాబు (గుంటూరు): తొందరపడకండి. ఆ బండిలో రెండు ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లూ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను వేడి పొగను బయటికి పంపే గొట్టాలు) పక్కనే ఉంటాయి కనుక, ఇంజను ఆపగానే గాలి ఆడక ఫ్లోట్ చాంబర్లలో (కార్బొరేటర్ల చిన్న పెట్రోలు గిన్నెల్లో) ఉన్న పెట్రోలు మరిగిపోతుంది. మధ్యలో వేడిని అడ్డుకునే రేకుకు అతికించిన పొర ఊడిందేమో చూడండి. పాత పొర ఆస్బెస్టాస్ కావచ్చు, దాని ధూళి ఊపిరితిత్తులకు హాని కనుక పొడిగా ఉండగా గీకవద్దు.

మరో జవాబు: పనికోసం బ్యాటరీ విప్పితే జాగ్రత్త; కంపెనీ ఇచ్చిన అసలు వైరింగే ఉంటే ఈ బండికి మామూలుగా నెగటివ్ కాకుండా బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఎర్త్ అవుతుందండీ. ఆటోనగర్‌లో మా బండికి మెకానిక్ అలవాటుకొద్దీ తిప్పి బిగించబోతే పరుగున వెళ్లి ఆపాను.

ప్రశ్నించినవారు: రేకు విప్పి చూశానండీ, పొర సగం లేదు.