మొదటి ఫార్మల్ జత: ఆక్స్‌ఫర్డా, డెర్బీనా?

లేసులోడు:
ఇన్నాళ్లూ స్పోర్ట్స్ షూసే. కొత్త ఉద్యోగం, ఇప్పుడు ఒక్క జతే కొనగలను, ఆఫీసుకీ సూట్‌కీ అదే. లేసులు కట్టే ఫార్మల్ షూల్లో ఆక్స్‌ఫర్డ్, డెర్బీ అని రెండు రకాలట, అందరూ నల్ల ఆక్స్‌ఫర్డ్ అంటున్నారు, కళ్లు మూసుకుని కొనేయొచ్చా?

పాలిష్ డబ్బా:
ఇందులో చర్చేముంది తమ్ముడూ. నల్లది, క్యాప్ టో, వేళ్ల దగ్గర అడ్డంగా ఒక్క కుట్టు, అంతే. సూట్ కింద డెర్బీ కనబడితే నాకైతే తయారవుతూ మధ్యలో లేచొచ్చినట్టుంటుంది.

పెద్దపాదం:
అన్నా మీ పాదం పల్చగా ఉండుంటుంది, అందుకే అంత ధీమా. ఆక్స్‌ఫర్డ్‌లో లేసు రంధ్రాలుండే రెండు రెక్కల్ని ముందు తోలు కిందకి తోసి కుట్టేస్తారు, డెర్బీలో అవి పైన కూర్చుంటాయి కాబట్టి బార్లా తెరుచుకుంటాయి. నా పాదం పైన మిట్టగా ఉంటుంది, ఆక్స్‌ఫర్డ్ కొని ఎంత బిగించినా రెక్కల మధ్యలో రెండు వేళ్ల సందు, సాయంత్రానికి పాదం మీద వాతలు. షాపులో ఒక సైజు పెంచమన్నారు, బుద్ధి లేక పెంచా. బ్రిటిష్ కొలతలో ఒక సైజంటే అంగుళంలో మూడోవంతు, పొడవు పెరిగిందిగానీ పైన బిగువు అలాగే ఉంది, పైగా మడమ జారి పుండు. ఆ జత ఇంకా బీరువాలోనే, చూస్తే కడుపు మండుద్ది.

పాలిష్ డబ్బా:
అది మోడల్ తప్పెలా అవుద్దండీ, మీరు వెడల్పు చూసుకోలేదు. చాలా బ్రిటిష్ కంపెనీలకి ఎఫ్ మామూలు, జీ వెడల్పు. కొత్తలో కాస్త సందు ఉండాలి కూడా, తోలు సాగాక మూసుకుంటుంది.

పెద్దపాదం:
కాస్త అంటే రెండు వేళ్లా?

అట్టముక్క:
మీరిద్దరూ పైన కొట్టుకుంటున్నారు, కింద సోల్ ఎవరూ చూడట్లేదు. జిగురుతో అతికించింది అరిగితే చాలాసార్లు పారేయడమే. గుడ్‌ఇయర్ వెల్ట్ అయితే అంచు చుట్టూ పట్టీ కుట్టి సోల్‌ని దానికి కుడతారు, కాబట్టి పైతోలు జోలికెళ్లకుండా సోల్ మార్చొచ్చు. (టైర్ల కంపెనీ కాదు బాబూ, రబ్బరుని వల్కనైజ్ చేసిన, అంటే గంధకంతో కాచి గట్టిపరిచిన, చార్లెస్ గుడ్‌ఇయర్ కొడుకు పేరు మీద వచ్చింది.) అంచున కుట్టు కనబడగానే నమ్మొద్దు, అందానికి కుట్టి లోపల జిగురు పూసినవీ ఉంటాయి.

పాలిష్ డబ్బా:
ఒక్క జతే రోజూ తొడిగితే ఏ కుట్టూ కాపాడదు, చెమట ఆరడానికి మధ్యలో ఒకరోజు ఇవ్వాలి. ఆఫీసుకి రోజు మార్చి రోజు ఇంకేదైనా వేసుకో.

లేసులోడు:
సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బే టైమ్‌లో వెళ్లి రెండు రకాలూ తొడిగి నడిచా. ఆక్స్‌ఫర్డ్ కుడికాలికి సరిగ్గా మూసుకుంది, ఎడమకాలికి నోరు తెరుచుకునే ఉంది, నా పాదాలు రెండూ ఒకేలా లేవని ఇవాళే తెలిసింది. నల్ల డెర్బీ తీసుకున్నా, క్యాప్ టోదే, వెల్ట్ ఉందన్నారు. అన్నా తిట్టకు.

పాలిష్ డబ్బా:
తిట్టనులే. ఆ లావు లేసులు పీకేసి సన్నవి ఎక్కించు, దూరం నుంచి ఆక్స్‌ఫర్డే అనుకుంటారు.