చూపు పూర్తిగా పోకముందే తెల్లకర్ర పట్టవచ్చా?

ప్రశ్న:
నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటిజబ్బు ఉంది. రేచీకటితో మొదలై, ఇప్పుడు పక్కచూపు చాలావరకు పోయింది. ఎదురుగా ఉన్న అక్షరాలు చదవగలను గానీ కాలి దగ్గరి మెట్టు కనిపించదు. ఇంట్లోవారు ప్రేమకొద్దీ గ్లాసుడు మంచినీళ్లు కూడా నన్ను పోసుకోనివ్వడం లేదు. ఉద్యోగం మానుకునే ఉద్దేశం నాకు లేదు. ఇంకా కొంత చూపు ఉండగానే తెల్లకర్ర, బ్రెయిలీ నేర్చుకోవడం తొందరపాటు అవుతుందా? కర్ర పట్టుకుని ఫోను చదువుతుంటే నటిస్తున్నాననుకుంటారేమోనన్న బెరుకు కూడా ఉంది.

జవాబు 1:
తొందరపాటు కాదండీ. నాదీ ఇదే జబ్బు. ఇందులో మసక వెలుతురులోనూ అంచుల్లోనూ చూపునిచ్చే కణాలు ముందుగా దెబ్బతింటాయి కనుక, పుస్తకం చదవగలిగిన మనిషి గడప తట్టుకుని పడిపోవడంలో నటన ఏమీ లేదు. అడిగినవారికి "ఎదురుగా కనిపిస్తుంది, పక్కన కనిపించదు" అని చెబుతాను, చాలామందికి ఆ మాట సరిపోతుంది.

కర్రను మాత్రం శిక్షకుల దగ్గరే నేర్చుకోండి. ఎడమకాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొన కుడివైపు నేలను తాకాలి, అప్పుడే తర్వాత కుడికాలు పడబోయే చోటు ముందుగా తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ రూపొందించిన పద్ధతి ఇది. మెట్టు అంచు రాగానే కొన చటుక్కున కిందికి జారుతుంది, ఆ జారుడును మణికట్టు గుర్తుపట్టే వరకూ సాధన చేయాలి. తల ఎత్తున ఉండే కొమ్మ, తెరిచిన కిటికీ రెక్క కర్రకు దొరకవు, అక్కడ ఎదురుగా ఉన్నవి చూడగలిగే మీ చూపే అక్కరకు వస్తుంది.

జవాబు 2:
నేను పుట్టుకతో అంధురాలిని. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉండగా బ్రెయిలీ ఎందుకని చాలామంది అడుగుతారు. విన్న మాటలో అక్షరదోషం తెలియదు, నలుగురి ముందు మాట్లాడుతూ వేలి కింద సొంత నోట్సు చదువుకోవడం చెవితో కుదరదు. లూయీ బ్రెయిలీ 1824 నాటికే, 15 ఏళ్ల వయసులో, ఆరు చుక్కల లిపికి రూపమిచ్చారు. ఆ చుక్కలతో 63 గుర్తులు ఏర్పడతాయి. మీకొక సూచన: కళ్లు మూసుకుని నేర్చుకోండి, లేకపోతే చుక్కలను చూసి చదవడం అలవాటై వేళ్లకు పని ఉండదు. ఉద్యోగానికైతే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, దాన్ని మొదలుపెట్టిన ఇద్దరు ప్రోగ్రామర్లూ అంధులే.

జవాబు 3:
నా భార్యకు చూపు తగ్గినప్పుడు నేనూ మీ ఇంటివారిలాగే అన్నీ చేతికి అందించేవాణ్ని. ఒకరోజు ఆమె గ్లాసు అంచు లోపలికి వేలికొన వంచి, నీరు తగలగానే కూజా ఎత్తేసింది, ఒక్క చుక్క ఒలకలేదు. పక్కన నిలబడి చేయి చాచకుండా ఉండటం నాకే కష్టమైంది. మీ ఇంట్లోవారికి రెండే పనులు చెప్పండి: కుర్చీని వాడాక బల్ల కిందికి నెట్టాలి, తలుపును పూర్తిగా తెరవాలి లేదా పూర్తిగా మూయాలి. మా ఇంట్లో ఆమెకు తగిలిన దెబ్బలన్నీ సగం తెరిచిన తలుపుల వల్లే.