డిజైన్ మాట్రిక్స్ వార్నింగ్ పోవడం లేదు, సాయం చేయండి

గుంటూరు పీజీ: మధ్యాహ్నం నుంచి ఇదే పని. 22 మంది పేషెంట్లు, 20 మంది కంట్రోల్స్, మనిషికి రెండు ఎంఆర్ఐ స్కాన్లు. మెదడు స్కాన్లు విశ్లేషించే ఎఫ్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ మాట్రిక్స్ (లెక్కకిచ్చే పట్టిక) కట్టి, మనిషికో కాలమ్, గ్రూపుకి ఒకటి, టైముకి ఒకటి, ఆ రెండింటి ఇంటరాక్షన్‌కి (టైముతో వచ్చే మార్పు రెండు గ్రూపుల్లో వేరుగా ఉందా అని) ఒకటి వేశాను. ‘రాంక్ డెఫిషియెంట్’ అంటోంది. సోమవారం గైడ్‌గారికి చూపించాలి. ఒకటే టెన్షన్.

బెజవాడ లెక్కలు: గ్రూప్ కాలమ్ తీసెయ్.

గుంటూరు పీజీ: తీసేస్తే పేషెంట్లకీ కంట్రోల్స్‌కీ తేడా ఎలా తెలుస్తుందన్నా?

తెలుగు మాస్టారు: ‘కంట్రోల్స్’ ఏమిటి నాయనా? ‘పోలిక బృందం’ అనరాదూ?

పాతకాపు: మాట సరే, ముందు థ్రెషోల్డ్ (ఎంత తేడా వస్తే నిజమని నమ్మాలో ఆ గీత) సంగతి చూసుకోండి. 2016లో ఎక్లండ్, నికోల్స్, నట్సన్ ఏం తేల్చారు? పక్కపక్కనే ఉన్న చుక్కల్ని గుంపుగా చూసే క్లస్టర్ పద్ధతిలో దొంగ ఫలితాలు ఎన్ని వస్తాయో చదివారా అసలు? మనవాళ్లు ఇంకా...

బెజవాడ లెక్కలు: అది ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనితీరు చూసే స్కాన్) మీద పేపరు. ఈయనది గ్రే మేటర్ (మెదడు నిర్మాణం) అనుకుంటా. తమ్ముడూ, పేషెంట్లందరి కాలమ్స్ కూడితే వచ్చేది గ్రూప్ కాలమే. ఒకే సంగతి రెండుసార్లు చెప్పావు, అందుకే ఆ గోల. అసలు అంత మాట్రిక్స్ ఎందుకు? రెండో స్కాన్‌లోంచి మొదటిది తీసెయ్, మనిషికో తేడా బొమ్మ మిగులుతుంది. 42 బొమ్మల మీద రెండు గ్రూపుల టీ టెస్ట్. నీ ఇంటరాక్షన్ అదే. టైముతో పనిలేని గ్రూప్ తేడా కావాలంటే, ఒక్కొక్కరి రెండు స్కాన్ల సగటు తీసి విడిగా చెయ్.

పాతకాపు: గ్రే మేటర్‌కైనా...

బెజవాడ లెక్కలు: మధ్యలో మెషిన్ మారలేదుగా?

గుంటూరు పీజీ: మారింది. 1.5 టెస్లా అయస్కాంతం ఉన్నది తీసి 3 టెస్లాది పెట్టారు. అదీ చెప్పాలా? పేషెంట్లందరి రెండో స్కానూ కొత్తదాంట్లోనే. కంట్రోల్స్‌లో 9 మందికి రెండూ పాతదాంట్లో అయిపోయాయి.

బెజవాడ లెక్కలు: ఓరి నాయనా. ముందు చెప్పాల్సింది అదే! అయస్కాంత ఫీల్డ్ మారితే మెదడులో గ్రే, వైట్ మేటర్ల మధ్య కాంట్రాస్టే మారుతుంది, మెదడు మారినట్టు కనిపిస్తుంది. ‘మెషిన్ మారిందా’ అని ఇంకో కాలమ్ వెయ్. ఆ 9 మందినీ, మెషిన్ మారిన 11 మందినీ పోల్చి దాని ప్రభావాన్ని విడదీస్తుంది. పేషెంట్లలోనూ అది అంతే ఉంటుందని నమ్మాలి, పవర్ (నిజమైన తేడాని పట్టే బలం) కొంత పోతుంది. ఆ 11 మందీ లేకపోతే ఈ మాత్రం కూడా కుదిరేది కాదు.

తెలుగు మాస్టారు: పోనీ ‘ఆరోగ్యవంతులు’?

పాతకాపు: వాళ్లకి బీపీ, షుగర్ లేవని ఎవరు చూశారండీ?

గుంటూరు పీజీ: గ్రూప్ కాలమ్ తీశా, వార్నింగ్ పోయింది. థ్యాంక్స్ అన్నా. ఇక్కడ కరెంటు పోయింది, ఉంటా.

బెజవాడ లెక్కలు: మెషిన్ కాలమ్ వేశావా?

బెజవాడ లెక్కలు: తమ్ముడూ?