పిల్లిమొగ్గలో పిల్లి ఎక్కడుంది?

మిత్రులకు నమస్కారం. పిల్లి ఎటు పడినా కాళ్ళ మీదే దిగుతుంది కాబట్టి ‘పిల్లిమొగ్గ’ అన్న మాట పుట్టిందా అని మొన్న ఒకరు అడిగారు. నాకు అలా అనిపించడం లేదు.

చిన్నప్పుడు ఇసుకలో వేసిన పిల్లిమొగ్గ గుర్తు తెచ్చుకోండి. చేతులు నేలకానించి, తల లోపలికి వంచి, వీపు మీదుగా దొర్లి లేచి కూర్చునేవాళ్ళం. కాళ్ళు తల మీదుగా వచ్చేవి. దొమ్మరివాళ్ళు గాలిలో వేసే మొగ్గలూ ఈ తీరువే. ‘తక్కెడ అటు మొగ్గింది’ అంటామే, ఆ మొగ్గుతో దీనికి చుట్టరికం ఉందని నా ఊహ. పూమొగ్గతో ముడిపెట్టడానికి మనసొప్పదు.

పడుతున్న పిల్లి చేసే పని వేరు. అమ్మమ్మగారింట్లో అటక మీంచి పిల్లి జారడం ఒకసారి కళ్ళారా చూశాను. వీపు నేల వైపు ఉంది. ముందు తల తిరిగింది, దాని వెంటే ముందుకాళ్ళు ముడుచుకుని ఛాతీ తిరిగింది, నడుము మెలిపడింది, ఆఖరున వెనకకాళ్ళు వచ్చి కలిశాయి. తల ఉన్న వైపే తల, తోక ఉన్న వైపే తోక. మొగ్గ ఎక్కడా లేదు.

గాలిలో దేన్నీ ఆనుకోకుండా ఒళ్ళు తిప్పుకోవడం సాధ్యం కాదని, వదిలే చేతిని తన్ని ఆ ఊపుతో తిరుగుతుందని ఒకప్పుడు శాస్త్రజ్ఞులే అనుకున్నారు. 1894లో ఫ్రాన్సులో ఎటియెన్ జూల్ మారే అనే శాస్త్రజ్ఞుడు పడుతున్న పిల్లిని వరస ఫొటోలు తీసి, మొదట్లో దానికి ఏ తిప్పుడూ లేదని చూపించాడు. కిటుకు నడుములో ఉంది. తడి బట్ట పిండేటప్పుడు రెండు చేతులూ ఎదురెదురుగా తిప్పుతాం కదా, అలా. ముందుకాళ్ళు ముడిచి వెనకకాళ్ళు చాచితే ముందు సగం ఎక్కువ తిరుగుతుంది, వెనక సగం ఎదురు దిక్కుకి కొంచెమే జరుగుతుంది. తర్వాత ముందువి చాచి, వెనకవి ముడిచి, మిగిలిన సగాన్ని తెచ్చుకుంటుంది. కింద ఎటో చెప్పేది లోపలి చెవి.

ఈ పనికి మనకు ఎంత చక్కని మాటలున్నాయో! పిల్లి వెల్లకిలా జారి బోర్లా దిగుతుంది. పసిపిల్లలకి వాడే మాటే ఇది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని ఊరంతా పంచుతాం. పిల్లికూనకీ ఇది పుట్టుకతో రాదు. మూడు నాలుగు వారాలకి మొదలై, ఆరేడు వారాలకి కుదురుతుంది.

దయచేసి ఎవరూ పిల్లిని వదిలి పరీక్షించకండి. మరీ తక్కువ ఎత్తయితే తిరిగే వ్యవధి ఉండదు, మేడ మీంచి పడితే కాళ్ళ మీద దిగినా ఎముకలు విరగొచ్చు.

వ్యాఖ్య: మా కరీంనగర్ దిక్కు వెల్లకిలా అనరండి, ‘ఎల్లెలుకల పడ్డది’ అంటరు. బోర్ల మాత్రం బోర్లనే.

జవాబు: ఎంత బాగుందండీ! పుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

వ్యాఖ్య: మరి పిల్లిమొగ్గలోకి పిల్లి ఎలా వచ్చిందంటారు, మాస్టారూ? మా పెరట్లో మూడు కూనలున్నాయి. ఒకదాని మెడ ఒకటి పట్టుకుని, తలలు లోపలికి దూర్చి, వీపు మీదుగా దొర్లుతుంటాయి. అచ్చం మనం ఇసుకలో వేసినట్టే.

జవాబు: అమ్మా, నేను అటక వైపే చూస్తూ ఉండిపోయాను, మీరు పెరట్లో చూశారు. పడే పిల్లి కాదు, ఆడుకునే కూన. నాకు ఇదే సరైనదనిపిస్తోంది. వీలైతే ఆ కూనల వీడియో ఒకటి ఇక్కడ పెట్టండి.