రక్తంలోని నీటి ఐసోటోపులతో కిడ్నీల పనితీరు తెలుస్తుందా?

ద్రవ్యరాశి:
కిడ్నీల పనితీరుకు రక్తంలో మామూలుగా కొలిచే వ్యర్థమైన క్రియాటినిన్ కండను బట్టి మారుతుంది, కిడ్నీల వడపోత దాదాపు సగానికి పడిపోయేదాకా పెద్దగా పెరగకపోనూవచ్చు. అందుకే రక్తంలోని నీటి ఐసోటోపులనే, అంటే అందులోని హైడ్రోజన్, ఆక్సిజన్‌ల తేలిక, బరువు రకాల వాటానే కొలవాలంటాను. ప్రకృతిలోని నీటిలో ప్రతి పది లక్షల హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు 156 డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, ఉంటుంది. ఊపిరితోనూ చర్మం మీదుగానూ నీరు ఆవిరయ్యేటప్పుడు తేలిక అణువులు ముందుగా పోతాయి. మూత్రంలో అటువంటి తేడా ఉండదు. కాబట్టి మూత్రం తగ్గిన మనిషిలో ఆవిరి వాటా పెరిగి, ఒంట్లోని నీరు బరువెక్కాలి.

వడపోత:
ద్రవ్యరాశి గారూ, మీరు కొలుస్తున్నది మూత్రం పరిమాణాన్ని, వడపోతను కాదు. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకట్టి, అందులో 99 శాతానికి పైగా తిరిగి పీల్చుకుంటాయి. ఆ 180 కాస్తా 60కి పడిపోయినా, 24 గంటల డబ్బాలో పట్టిన మూత్రం మునుపటంతే ఉండవచ్చు. పైగా మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గినందువల్ల రాత్రిళ్లు పదేపదే లేచే రోగులున్నారు. మీ లెక్కన వారి కిడ్నీలే అందరికంటే భేషుగ్గా ఉన్నట్టు!

ద్రవ్యరాశి:
తొలిదశకు పనికిరాదన్నది ఒప్పుకుంటాను. మూత్రం నిజంగానే తగ్గిపోయే చివరి దశ మాటేమిటి? తాగే నీటి ఐసోటోపు విలువను తీసివేసి తేడానే చూస్తే, ప్రాంతాన్ని బట్టి నీటి విలువ మారే చిక్కు కూడా ఉండదు.

వడపోత:
ఆ దశలో చాలామంది డయాలసిస్ మీద ఉంటారు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటలకు 120 లీటర్ల ద్రవం, యంత్రంలో రక్తాన్ని వేరుచేసే పలుచని పొరకు అవతలివైపు పారుతుంది. 70 కిలోల మనిషి ఒంట్లో ఉన్న నీరు సుమారు 42 లీటర్లే. నీటి అణువులు ఆ పొర గుండా ఇటూ అటూ మారిపోతాయి గనుక, చికిత్స ముగియగానే తీసిన రక్తం కిడ్నీ సంగతి కంటే యంత్రంలోకి వచ్చిన నీటి సంగతే ఎక్కువగా చెబుతుంది. తాగే నీటి విలువ తీసివేయడమూ అంత తేలిక కాదు: ఆహారంలోని తేమ ఉంది, పిండిపదార్థాలూ కొవ్వులూ దహనమైనప్పుడు పుట్టే నీరు ఉంది, ఆ నీటిలోని ఆక్సిజన్‌లో కొంత పీల్చిన గాలి నుంచి వచ్చినదే. (నమూనా గొట్టం మూత వదులైతే అక్కడా ఆవిరే, అక్కడా బరువే.)

ద్రవ్యరాశి:
అయితే నా వాదనను కుదిస్తాను. డయాలసిస్ ఇంకా మొదలుకాని, మూత్రం తగ్గుతున్న రోగుల్లో ఈ విలువను 24 గంటల మూత్రంతో పక్కపక్కన పెట్టి చూడాలి.

వడపోత:
డబ్బా ఎలాగూ పట్టించారుగా, ఇక ఐసోటోపు దేనికండీ?